ఎక్కడికని అడిగే డబ్బా

ఆగస్టు 12, 2010. గురువారం

నిన్న హైదరాబాద్‌లో దారి తప్పాను.

తప్పాం అని రాయబోయి కొట్టేశాను. స్టీరింగ్ నా చేతిలో ఉంది. ఆయనకు కనబడదు. తప్పింది నేనే.

ఆయనకు షుగర్ కళ్లలోకి దిగింది. ఎడమ కన్ను పోయినట్టే. కుడి కంట్లో నడుమ మబ్బు, అంచులు మాత్రం కనిపిస్తాయి. రాయచూరు గంజ్ బజారులో గోనెసంచుల దుకాణం ఇంకా ఆయనే నడుపుతున్నారు. సంచిని చేత్తో తడిమి రకం చెప్పేస్తారు కాబట్టి కేశవులు సేఠ్‌కు చూపు తగ్గిందని గిరాకీలకు తెలియదు. హైదరాబాద్ కంటి ఆస్పత్రిలో నెలకో ఇంజెక్షన్ వేయాలన్నారు. వేళకు పడితే ఉన్న చూపు నిలబడుతుందట, అదృష్టం బాగుంటే కొంత తిరిగి కూడా రావచ్చట. ఆలస్యమైతే ఏమీ చెప్పలేమన్నారు. నిన్న పడాల్సింది మొదటిది.

శంషాబాద్ దాటాక, ఆరాంఘర్ దగ్గర ఆ పొడుగు ఫ్లైఓవర్ ఎక్కేశాను. ఎక్కకూడదని తెలియదు. ఎక్కాక దిగే దారి లేదు. ఆస్పత్రి ఒక దిక్కు, నేను ఇంకో దిక్కు. కిందికి వచ్చాక కనబడ్డ ప్రతివాళ్లనీ అడిగాను. అందరూ సీదా జావో అమ్మా అనేవాళ్లే. ఎవరి సీదా వాళ్లది.

చేరేసరికి థియేటర్ టైమ్ అయిపోయింది. కౌంటర్‌లోని సిస్టర్ నా మొహం చూసి ముందు నీళ్లిచ్చింది, తర్వాత కంప్యూటర్‌లో వెతికి వెతికి ఇరవై ఐదో తారీఖు ఇప్పించింది. ఆమె పేరు అడగలేదు. అడగాల్సింది.

ఆయనతో తిరుగుదారి పట్టాను. మక్తల్ దాటాక, కృష్ణ బ్రిడ్జి దగ్గర పడుతుండగా, చిమ్నీలు వచ్చినాయా అని అడిగారు. శక్తినగర్ థర్మల్ ప్లాంట్ చిమ్నీలు. పెళ్లయిన కొత్తలో ఈ దారిన ఎప్పుడు వచ్చినా వాటిని ముందు చూసేది ఆయనే. అగో, ఇల్లొచ్చింది అనేవారు, రాయచూరు ఇంకా ఎంతో దూరం ఉండగానే.

వచ్చినాయన్నాను. సరే అన్నారు.

ఆగస్టు 14

తమ్ముడు నవనీత్ బెంగళూరు నుంచి ఫోన్ చేశాడు. చెబుతూ ఏడ్చేశాను. వాడు అంతా విని, దీనికి ఏడుస్తారా అక్కా, కారుకొక జీపీఎస్ నావిగేటర్ కొనుక్కో అన్నాడు. అద్దానికి అంటించుకునే చిన్న డబ్బా అట. పైన శాటిలైట్లు మనం ఎక్కడున్నామో చూసుకుంటాయట. ఎడమకో కుడికో ముందే నోటితో చెబుతుందట. ఎక్కకూడని ఫ్లైఓవర్ గురించి కూడా చెబుతుందా అన్నాను. దాని పనే అది అన్నాడు.

కాలేజీలో చరిత్ర పాఠం చెబుతాను నేను. గుల్బర్గాలో ఎం.ఏ. చేశాను. దక్కన్ మ్యాప్ చూడకుండా బోర్డు మీద గీస్తాను, పిల్లలు నోళ్లు తెరుస్తారు. ఆరాంఘర్ చౌరస్తాలో నాకు ఉత్తరం ఎటో తెలియలేదు.

అత్తమ్మ బియ్యం ఏరుతూ అంతా విన్నది. అంత పైనున్నోళ్లకు మన గల్లీ కనబడ్తదా, మున్సిపాలిటోళ్లకే కనబడ్తలేదు అన్నది.

ఆయన చాలా రోజుల తర్వాత నవ్వారు. డబ్బా కొనకముందే దాని వల్ల ఒక లాభం.

ఆగస్టు 17. సాయంత్రం

స్టేషన్ రోడ్డులో కార్లకు సీటు కవర్లు, హారన్లు అమ్మే ప్రకాశ్ దుకాణానికి వెళ్లాం. బర్రి మేడం, బర్రి సేఠ్ అని కన్నడలో రమ్మంటూ కుర్చీలు వేశాడు. కరెంటు లేదు. చీకట్లోనే రెండు డబ్బాలు తెచ్చి పెట్టాడు. ఒకటి చిన్న స్క్రీన్, అరచేతిలో ఇమిడిపోతుంది. ఇంకొకటి వెడల్పు. లోపల మ్యాప్ ఒకటే, గొంతు ఒకటే, చెప్పే దారీ ఒకటే. తేడా స్క్రీన్‌లోనే.

దుకాణంలో ఏదీ పని చేయలేదు. స్లాబ్ కింద శాటిలైట్లు దొరకవట. ముగ్గురం రోడ్డు మీదకొచ్చి, ఆకాశానికి హారతి పట్టినట్టు డబ్బాలు పైకెత్తి నిలబడ్డాం. ఆటోవాళ్లు చుట్టూ చేరారు. వానొస్తదా మేడం అని ఒకడు. క్రికెట్ స్కోరా అని ఇంకొకడు. కాసేపటికి చిన్నది మేలుకొని, మేం రైలు పట్టాల మీద ఉన్నామని చూపించింది. జరగండి జరగండి, ఉద్యాన్ ఎక్స్‌ప్రెస్ వస్తదన్నాడు మొదటి ఆటోవాడు. ఇంకాస్త ఆగాక రోడ్డు మీదకు తెచ్చింది.

ఆయన రెండింటినీ చేతుల్లోకి తీసుకుని తూకం చూసినట్టు చూశారు. చిన్నది తీసుకోమన్నారు. నేను వినేదే కదా, చూసేది లేదు కదా, నీకు రోడ్డు మీద కండ్లుండాలె గానీ దాని మీద కాదు కదా అన్నారు. అన్నీ నిజమే. ప్రకాశ్ కూడా తల ఊపాడు. పెద్దది అమ్మితే వాడికే లాభం, అయినా ఊపాడు.

నేను రేపు చెబుతానన్నాను.

ఆగస్టు 18

చిన్నదే చాలేమో.

ఆగస్టు 19. మధ్యాహ్నం, స్టాఫ్‌రూమ్

ఎందుకు తేల్చుకోలేకపోతున్నాను? చీరకు కూడా ఇంతసేపు పట్టదు నాకు. సరే, పడుతుంది. కానీ చీర వేరు.

నవనీత్ కూడా చిన్నదే అన్నాడు. కొత్తగా డ్రైవింగ్ నేర్చుకున్నావు, పెద్దది అద్దానికి అడ్డం వస్తుంది అక్కా అని. ఇటు పక్క కారణాలన్నీ ఉన్నాయి. అటు పక్క ఒక్కటీ లేదు.

ఒకటి ఉంది. రాయడానికి సిగ్గుగా ఉంది. చిన్నది కొంటే, ఆయన ఇక వినడానికే అని నేను కూడా ఒప్పుకున్నట్టు. ఆ డబ్బా రోజూ అద్దం మీద కూర్చుని ఆ మాటే అంటుంది. పెద్దది కొంటే మరి? లేని ఆశ పెట్టినట్టు కాదా? చూపు రావచ్చు అన్నారు డాక్టర్, అంతేగానీ వస్తుంది అనలేదు. ఆ ఒక్క మాట పట్టుకుని స్క్రీన్ సైజు ఎంచేదాన్ని చదువుకున్నది అంటారా?

బెల్ కొట్టారు. సెకండ్ ఇయర్‌కు బహమనీలు.

ఆగస్టు 20

పెద్దదే తెచ్చాను.

చిన్నది స్టాక్ అయిపోయిందట అని చెప్పాను ఆయనకు. ఆయన డబ్బా అంచు వెంబడి బొటనవేలు, చూపుడువేలు చాపి కొలిచారు. సంచి వెడల్పు కొలిచే చెయ్యి అది. ప్రకాశ్ మంచోడు, వేళకు స్టాక్ అయిపోగొట్టిండు అన్నారు.

నేను బిల్లు మడిచి బ్యాగులో పెట్టుకున్నాను.

ఆగస్టు 22. ఆదివారం

ఈ రోజు ట్రయల్. యరగేర దాకా పోయి రావాలని. ఆయన ముందు సీట్లో, అత్తమ్మ గడపలో. కారు స్టార్ట్ చేసి డబ్బా ఆన్ చేశాను. వెలుగుతూనే ఇంగ్లీషులో రెండు మాటలు వచ్చాయి. అందులో ఏం రాసుంది అని అత్తమ్మ అడిగింది. ఆలోచించకుండా చెప్పేశాను, ఎక్కడికి అని అడుగుతోంది అత్తమ్మా అని.

ఇక చూడాలి.

మా ఇంట్లో బయల్దేరే మనిషిని ఎక్కడికి అని అడగరు. దూరమా అంటారు, లేకుంటే నోరు మూసుకుంటారు. మామగారు ఉన్న రోజుల్లో సంచుల కోసం కర్నూలు పోతుంటే గుమస్తా ఎవరో అడిగాడని ఆ రోజు ప్రయాణమే మానుకున్నారట. అట్లాంటింట్లో, డబ్బు పెట్టి కొని మరీ అడిగించుకుంటున్నాం.

ఏందిది, అందరికీ దారి చెప్పేదానికి గింత తెల్వదా, బయల్దేరంగ గిట్ల అడుగుతరా అని అత్తమ్మ కిందికి దిగివచ్చింది. ఇద్దరం దిగాం. కాళ్లు కడుక్కున్నాం. లోపల కూర్చున్నాం, నీళ్లు తాగాం. ఇప్పుడు పోండి అన్నది. మళ్లీ ఆన్ చేస్తే అది మళ్లీ అదే అడుగుతుందని గుర్తొచ్చి ఆయనకు నవ్వు ఆగలేదు. అత్తమ్మకు కోపం. నవ్వు నీ ఇష్టం, నీ కండ్ల కోసమే నా బాధ అన్నది. ఆయన నవ్వు ఆగిపోయింది.

చివరికి ఒప్పందం కుదిరింది. ముందు రోజే ఇంట్లో కూర్చుని ఊరు పేరు దానికి చెప్పేయాలి. బయల్దేరేటప్పుడు ఆన్‌లోనే, రుమాల్ కప్పి తేవాలి. గేటు దాటాక రుమాల్ తీయాలి. అన్నీ చెప్పినంక మళ్ల ఎందుకు అడుగుతది, అడగదు అన్నది అత్తమ్మ.

యరగేర దాకా అది చెప్పినట్టే పోయి వచ్చాం. ఊరి పేర్లు అది పలికే తీరుకు ఆయన ప్రతి మలుపుకూ నవ్వారు. దొరసాని అని పేరు పెట్టారు.

ఆగస్టు 25. ఇంటికి వచ్చాక

వేళకు చేరాం.

ఆరాంఘర్ రాకముందే దొరసాని ఎడమ పక్కనే ఉండమన్నది. పెద్ద రోడ్డు వదిలి ఎడమకెందుకు అని నాకు అనుమానం. నాకు ఏ మాట మీదా వెంటనే నమ్మకం కుదరదు కదా. స్టీరింగ్ కుడికి లాగుతోంది, పొడుగు ఫ్లైఓవర్ ముందే కనబడుతోంది. ఆయన నా మోచేతి మీద చెయ్యి వేసి, ఆమె మాట విను వసంతా, ఇప్పుడు మన ముగ్గురిలో చూసేది ఆమే అన్నారు. విన్నాను. ఫ్లైఓవర్ మా నెత్తి మీదుగా పోయింది.

ఇంజెక్షన్ పడింది. కౌంటర్‌లో అదే సిస్టర్. ఈసారి పేరు అడిగాను. సౌభాగ్యలక్ష్మి అట. తారీఖు ఇప్పించిన మాట ఎత్తగానే అదేం పెద్ద పని అమ్మా అని కొట్టిపారేసింది. ఆమెకు పెద్ద పని కాదు, నిజమే.

రాసి పెట్టుకుంటున్నాను, మరిచిపోతానని. నవనీత్‌కు, సౌభాగ్యలక్ష్మికి, నన్ను లారీ పక్క నుంచి చెయ్యి ఊపి ముందుకు పంపిన జడ్చర్ల డ్రైవర్‌కు, ఎక్కడో ఆకాశంలో ఉన్నవాటికి. నేను ఎవరికీ సరిగా థాంక్స్ చెప్పలేదు.

బ్రిడ్జి దగ్గర మళ్లీ అడిగారు, చిమ్నీలు వచ్చినాయా అని.

సెప్టెంబర్ 22

రెండోది. చార్టు ముందు కూర్చోబెట్టారు. పై అక్షరం ఒక్కటే, అది కూడా ఊహించి చెప్పారు. డాక్టర్ తొందరపడొద్దన్నారు, కంటి లోపలి వాపు కొంచెం తగ్గుతోందన్నారు.

సెప్టెంబర్ 23

గొడవ.

ఇంక చాలు అన్నారు ఆయన. నెలనెలా దుకాణం బంద్, నీ కాలేజీ సెలవులు ఖతం, కంట్లో సూది, మళ్లీ అదే మబ్బు. గంజ్‌లో చేతులతో బతుకుతున్నా, బతుకుతా, వదిలెయ్ అన్నారు. ప్రతిదానికీ అనుమానపడే మనిషివి, దీనికొక్కదానికి ఎందుకు పడవు అన్నారు.

దీనికే ఎక్కువ పడుతున్నానని చెప్పలేకపోయాను. మాట మార్చబోయి, దొరసానికి మ్యాప్ అప్‌డేట్ చేయించాలి అన్నాను.

అంత పెద్ద స్క్రీన్ ఎవరి కోసం కొన్నావో ఆ రోజే తెలిసింది నాకు అన్నారు. నీ మీద కోపమొచ్చిందప్పుడు. రానిదాని కోసం జాగా పట్టి పెట్టినట్టు. తర్వాత కారెక్కిన ప్రతిసారీ దాని దిక్కే చూస్తున్నా, ఏదన్నా తెలుస్తదేమో అని, అన్నారు.

ఏం కనిపిస్తుందని అడిగాను.

వెలుతురు, అన్నారు. కొన్నందుకు ఇప్పుడు కోపం లేదు, ఇంకొకటి వేయించుకుంట, ఒక్కటే, అన్నారు.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయి ఉంది. అత్తమ్మ వింటూనే ఉందని మా ఇద్దరికీ తెలుసు.

అక్టోబర్ 20

మూడోది. స్కాన్‌లో వాపు బాగా దిగిందట. చూపు దానంతట అది నెమ్మదిగా తేరుకోవాలట, ఎంత అన్నది చెప్పలేమట. వచ్చే నెల కూడా రమ్మన్నారు. ఆయన వెంటనే సరే అన్నారు. ఒక్కటే అన్న మాట నేను గుర్తు చేయలేదు.

పొద్దు గుంకుతుండగా కృష్ణ బ్రిడ్జి ఎక్కాం. ఎర్రటి ఆకాశంలో చిమ్నీలు, పొగ గబ్బూరు దిక్కుకు వాలుతోంది. అడుగుతారని చూశాను. అడగలేదు. బ్రిడ్జి అయిపోయింది. ప్లాంట్ గేటు దాటింది. అడగలేదు.

కనబడ్డాయి కాబట్టి అడగలేదా? అడిగి అడిగి విసుగొచ్చి మానేశారా? అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. ఇల్లు చేరేదాకా దొరసాని ఒక్కతే మాట్లాడింది.

నవంబర్ 17. పొద్దున, కారులోనే రాస్తున్నాను

నిన్న పరీక్ష పేపర్లు దిద్దుతూ దానికి ఊరు పేరు చెప్పడం మరిచిపోయాను. రుమాల్ కప్పి అట్లాగే తెచ్చి, అద్దానికి తగిలించాక గుర్తొచ్చింది. అత్తమ్మ గడపలో ఉంది. చప్పుడు చేయకుండా రుమాల్ కింద చెయ్యి పెట్టి ఆన్ చేశాను. రుమాల్ జారిపోయింది.

ఆయన ముందుకు వంగారు. ఒక్కో అక్షరం మీద వేలు పెడుతూ, పైకే చదివారు. ఎక్కడికి అని అడుగుతుంది వసంతా, అన్నారు.

అత్తమ్మ గడప దిగి కారు దాకా వచ్చింది. కాళ్లు కడుక్కోమంటుందని ఇద్దరం డోర్లు తెరిచాం.

ఇంకోసారి చదువు బిడ్డా అన్నది.