నలభై రెండు వేలిముద్రలు, ఒక పర్సనల్ స్టేట్‌మెంట్

యాన్బు, సెప్టెంబరు 12

పెద్దబాపుకు స్వర్ణ నమస్కారాలు.

ఇక్కడ అమ్మ, బాపు, నేను బాగున్నాం. మూడు నెలలుగా నీ ఫోను మోగడం లేదు. రియాద్ నుంచి మా ఊరికి ఉల్లిగడ్డలు తెచ్చే ట్రైలర్ దావూద్ చాచా "సులై లేబర్ క్యాంపు నా తొవ్వలనే ఉంటది, చిట్టీ రాసియ్యి బిడ్డా, పట్కపోతా" అన్నాడు. అందుకని పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఉత్తరం రాస్తున్నాను. పైన తారీఖు వేయాలని కూడా బాపునడిగి తెలుసుకున్నాను.

అసలు సంగతి. పన్నెండో తరగతి అయ్యాక ఇంగ్లండులో పాలిటిక్స్ అండ్ ఇంటర్నేషనల్ రిలేషన్స్ చదవాలని నా కోరిక. దానికి పర్సనల్ స్టేట్‌మెంట్ అని ఒకటి రాసి పంపాలి. ఈ చదువే ఎందుకు, ఇప్పటిదాకా చదివింది ఇందుకెలా పనికొస్తుంది, బడి బయట ఏం చేశావు అని మూడు ప్రశ్నలు. అన్నీ కలిపి నాలుగు వేల అక్షరాలు దాటకూడదు. మూడు వారాలుగా కూర్చుంటే 'నేను' అన్న మాట దగ్గరే ఉన్నాను. మా తరన్నుమ్ మేడమ్ నాలుగు డ్రాఫ్టులు తిప్పికొట్టారు. "ఇది ఎవరైనా రాస్తారు, నువ్వు చూసింది రాయి" అంటారు. నేను చూసిందేముంది, ఏసీ బస్సు, బడి, షాపింగ్ మాలు.

బాపేమో "మా అన్న క్యాంపుల అందరికీ అర్జీలు రాస్తడు, ఆయన రాస్తే రాయి గూడ కరుగుతది" అన్నాడు. కొంచెం సాయం చెయ్యి.

నీ స్వర్ణ

తా.క.: ముత్యవ్వ పెద్దమ్మ జగిత్యాల నుంచి రోజూ ఫోన్ చేస్తోంది. "ఆరేండ్లాయె రాక. ఇప్పుడు ఫోను గూడ బందు వెట్టిండు. ఆడ ఇంకో ఇల్లు వెట్టిండా ఏంది, నిజం జెప్పు ప్రభాకరా" అని బాపుని నిలదీస్తోంది. ఏం చెప్పమంటావు?


సులై, రియాద్, సెప్టెంబరు 20

చిరంజీవి స్వర్ణకు పెద్దబాపు దీవించి రాసేది.

ఇక్కడ మేం నలభై ముగ్గురం క్షేమం. నా ఫోను కాంక్రీటు మిక్సరులో పడింది. ఈపాటికి ఏదో గోడలో ఉంటుంది, మోగినా ఎత్తేవాడు లేడు. కొత్తది కొందామంటే తీరిక లేదు. నేను లేకపోతే కంపెనీ ఒక్క పూట నడవదు.

నీ పని అర్థమైంది. పన్నెండేళ్లుగా అర్జీలు రాస్తున్నవాణ్ణి, నాకిదొక పనా! ముందు కాళ్లమీద పడాలి, ఆ తర్వాతే కష్టం చెప్పాలి. మనలో ఏ కాస్త గొప్ప కనబడినా "వీడికేం తక్కువ" అని కాగితం పక్కన పెడతారు. రెండోది, ఒక్కడి అర్జీ అర్జీయే కాదు. కింద పదిమంది వేలిముద్రలుంటేనే ఆఫీసులో కళ్లజోడు తీసి తుడుచుకుంటారు. ఇక రాసినవాడు మాత్రం ఎక్కడా వేలు పెట్టకూడదు. మూలకు చిన్నగా 'రాసింది: ఫలానా' అని ఉంటే చాలు. రాసినవాడు కూడా అడుక్కుంటే అర్జీకి బరువు పోతుంది.

నీ అర్జీ ఇట్లా మొదలుపెట్టాను:

"మహాఘనత వహించిన యూనివర్సిటీ ముదీర్ గారి పాదాలకు. విషయం: సీటు. అయ్యా, నేను దిక్కులేని ఆడపిల్లను. నాకు ఏమీ రాదు. చదువులో వెనక, ఆరోగ్యం అంతంత. తమరు తప్ప వేరే ఆధారం లేదు. సీటు ఇవ్వలేని పక్షంలో కనీసం ఎగ్జిట్ అయినా ఇచ్చి ఇంటికి పంపించగలరు."

సబ్జెక్టు పేరు రాయలేదు. రాజకీయం అన్న మాట ఇక్కడ మేం గోడకు కూడా చెప్పం.

పెద్దబాపు బుచ్చన్న

తా.క.: రెండు కాగితాలు జతపరిచాను. "కింద వేలిముద్రలు వేసిన మేమందరం పైన రాసింది నిజమని చెబుతూ, దయచూడమని వేడుకుంటున్నాం" అని రాసి నలభై రెండు పేర్లు, పాస్‌పోర్టు నంబర్లు, వేలిముద్రలు తీసుకున్నాను. నాలుగు దేశాల వాళ్లున్నారు. మన చిత్తూరు మునిస్వామి రెండు చేతుల ముద్రలూ వేశాడు, ఆడపిల్ల చదువు గదా అని. ముత్యవ్వకు చెప్పు, ఇక్కడ ఎనిమిది మందికి ఒక గది. ఇంకో ఇల్లు పెట్టడానికి చోటెక్కడుంది?


యాన్బు, సెప్టెంబరు 27

పెద్దబాపుకు స్వర్ణ నమస్కారాలు.

కొంప ముంచావు పెద్దబాపూ! ఆ అర్జీ తరన్నుమ్ మేడమ్‌కు చూపించాను. 'కనీసం ఎగ్జిట్ అయినా' దగ్గర ఆమె నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నారు. తర్వాత ఆ వాక్యం మళ్లీ చదివారు. "ఎవరు రాశారు ఇది? ఈ వాక్యం ఈయన చేతికి బాగా అలవాటైనట్టుంది" అన్నారు.

ఇది అడుక్కునే కాగితం కాదు. మన గొప్పలు మనమే చెప్పుకునేది. పైగా అంతా ఆన్‌లైన్, నలభై రెండు వేలిముద్రలు ఎక్కడ అంటించను? అయినా పారేయబుద్ధి కాలేదు, నా అట్లాసులో దాచాను.

ఇంటర్నేషనల్ రిలేషన్స్ అంటే దేశాల మధ్య తగాదాలు, పొత్తులు, ఒప్పందాలు. అలాంటిదేమైనా నువ్వు దగ్గర్నుంచి చూశావా? చూస్తే చూసినట్టు రాయి. పాదాలు వద్దు.

నీ స్వర్ణ

తా.క.: నీ కంపెనీ అంత బాగా నడుస్తుంటే, ఆ మాట వినగానే దావూద్ చాచా స్టీరింగు ఎందుకు తుడుస్తాడు?


సులై, అక్టోబరు 5

చిరంజీవి స్వర్ణకు పెద్దబాపు దీవెనలు.

ఇక్కడ మేం నలభై ముగ్గురం క్షేమమే. గొప్పలు చెప్పుకుంటే సీటిస్తారా! ఆ దేశంలో పెళ్లిచూపులు కూడా అట్లనే చేస్తారేమో.

దేశాల తగాదా అంటున్నావు. మా దగ్గర ఆరు గదులకు ఒక బాత్రూము. మన తెలుగువాళ్లు, నౌమాన్ వాళ్ల పాకిస్తాన్‌వాళ్లు, బంగ్లాదేశ్‌వాళ్లు, నలుగురు నేపాలీలు. ఒక పొద్దున మునిస్వామి బకెట్టును నౌమాన్ జరిపాడు. జరపలేదని వాళ్లు, జరిపారని మేము. సాయంత్రానికి రెండు దేశాలూ వంట విడిగా మొదలుపెట్టాయి. మధ్యలో నేపాల్‌వాళ్లు ఎవరితో తినాలో తెలియక ఖుబ్జ్ రొట్టె ఒట్టిదే తిన్నారు.

నేను కూర్చుని ఒక కాగితం రాశాను. నమాజుకు పోయేవాళ్లు ముందు. ఆ తర్వాత తొలి బస్సువాళ్లు, తర్వాత మలి బస్సువాళ్లు. కడుపు చెడినవాడు మాత్రం ఏ వేళలోనైనా, వీసా లేకుండా, సరిహద్దు దాటవచ్చు. బకెట్టు ఎవరి దేశానిదీ కాదు. గదికొకరు వేలిముద్ర వేశారు, తలుపుకు అంటించాం. రెండేళ్లలో ఒక్కసారే ఉల్లంఘన జరిగింది, అది కూడా అందరం ఎండుచేపల కూర తిన్నరోజు.

ఇప్పుడు బస్సు మాట పనిచేయడం లేదు. పోయిన ఎండాకాలం నుంచి బస్సు టైర్లలో గాలి లేదు, వెనక సీటు కింద పిల్లి ఈనింది.

ఇది పనికొస్తే వాడుకో. పనికిరాకపోతే నవ్వుకో.

పెద్దబాపు

తా.క.: బస్సు గురించి రాసిన వాక్యం కొట్టేద్దామనుకున్నాను, కాగితం పాడవుతుందని వదిలేశాను. కొట్టేసినట్టే అనుకుని చదవకు.


యాన్బు, అక్టోబరు 19

పెద్దబాపుకు స్వర్ణ నమస్కారాలు.

ముందు ఆ వాక్యమే చదివాను. చదివి దావూద్ చాచా ట్రైలర్‌కు అడ్డంగా నిలబడ్డాను. ఆయన చెప్పేశాడు. "కంపెనీ మూతవడి యాడాదాయె బిడ్డా. వీసా ఇచ్చిన కఫీల్ సేటు పత్తా లేడు. ఈడ ఉండనిచ్చే ఇఖామా కార్డు తారీఖు దాటింది, అది దాటితే సిమ్ము గూడ బందైతది. మీ పెద్దబాపు భయానికి గేటు దాటుతలేడు. అందరికి అర్జీలు రాసిండు, తనకొక్కటి రాసుకోలే."

నాకు చాలా కోపం వచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది. కాంక్రీటు మిక్సరట! బాపుకు చెబితే అన్నం ముందు నుంచి లేచిపోయాడు.

స్టేట్‌మెంటులో నీ బాత్రూము ఒప్పందం రాశాను, నువ్వు చెప్పావనే రాశాను. మేడమ్ ఒక్క అక్షరం మార్చలేదు. పంపేశాను.

ఆ వేడిలోనే ఇంకోటి రాశాను, ఇంగ్లీషులో, నీ పేరుతో, రియాద్‌లో ఎగ్జిట్లు ఇప్పించే సహాయ కేంద్రానికి. మేడమ్ నేర్పినట్టే రాశాను. ఎక్కడా పాదాలు లేవు. ఈ మనుషుల కోసం పన్నెండేళ్లలో నువ్వేం చేశావో, ఇప్పుడు వీళ్లంతా ఎట్లా ఉన్నారో, చూసినట్టు రాశాను. ఆఖరి వాక్యం: 'ఇప్పుడు నాకూ ఇంటికి పోవాలనుంది.' అట్లాసులోని వేలిముద్రల కాగితాలు రెండూ కింద జతచేశాను. 'పైన రాసింది నిజమని' అని నువ్వే రాశావు కాబట్టి ఏ అర్జీకైనా సరిపోయాయి. నీ సూత్రం కూడా తప్పలేదు. మూలకు చిన్నగా 'రాసింది: బుచ్చన్న' అని పెట్టాను. చాచా తీసుకెళ్లి ఇస్తాడు. నకలు నీకు.

నీ స్వర్ణ

తా.క.: పెద్దమ్మకు నిజం చెప్పేయనా?


సులై, నవంబరు 16

చిరంజీవి స్వర్ణకు పెద్దబాపు దీవించి రాసేది.

ఇక్కడ మేం నలభై ముగ్గురం క్షేమం. ఈసారి నిజంగానే కొంచెం క్షేమం. సహాయ కేంద్రం మనిషి వచ్చి తలలు లెక్కపెట్టి, ఫోటోలు తీసుకుని, మూడు వారాల్లో కబురు చేస్తామన్నాడు. ఎనిమిది అర్జీలు నేను రాస్తే రానివాడు నీ ఒక్కదానికి వచ్చాడు.

నకలు నాలుగుసార్లు చదివాను. ఎవరీ బుచ్చన్న, మంచివాడే అనుకున్నాను. నాకు రాసుకుందామని నేనూ కూర్చున్నాను బిడ్డా. నీలాగే 'నేను' దగ్గర కలం ఆగేది. మిగతావాళ్లకు రాసేటప్పుడు 'ఇతను' అంటే ఎట్లా పరిగెత్తేదో! పైగా నేను ముందు పోతే వీళ్లకు రాసేదెవరు.

ముత్యవ్వకు మాత్రం నిజం చెప్పకు. ఆమె నన్ను తిట్టుకుంటేనే నయం. తిట్టేటప్పుడు అన్నం తింటుంది. సంగతి తెలిస్తే తినదు. వస్తున్నాడని ఒక్క మాట చెప్పు, చాలు.

పెద్దబాపు

తా.క.: నెమలి బొమ్మ ఉన్న ఎర్ర దుప్పటి ఆమెకోసం నాలుగేళ్ల కింద కొన్నాను. పెట్టెలో పెట్టాను. పెట్టె మీద పేరు రాసే పని క్యాంపులో అందరిదీ నాదే, నాది ఆఖర్న రాసుకుంటాను.


యాన్బు, డిసెంబరు 7

పెద్దబాపూ,

పద్ధతులు తర్వాత. సీటొచ్చింది! 'మీ బాత్రూము ఒప్పందం మా విభాగంలో అందరం చదివాం' అని కూడా రాశారు. బాపు యాన్బులో తెలుగువాళ్లందరికీ జిలేబీ పంచాడు. జిలేబీ సగం నీదేనట, ఎగ్జిట్ల జాబితా రేపోమాపో వస్తుందని చాచా చెప్పాడు.

పెద్దమ్మకు వస్తున్నావని చెప్పాం. మీ క్యాంపు వాళ్ల ఇళ్ల ఆడవాళ్లతో కలిసి శంషాబాదుకు జీపు మాట్లాడుకుంది.

నీ స్వర్ణ

తా.క.: పెద్దమ్మ అన్నది అన్నట్టు: "రానియ్యి. ఆ ఇంకో ఇల్లు సంగతి మొకం మీదనే అడుగుత." కానీ కొత్త చీర కొనుక్కుంది.


సులై, డిసెంబరు 21

చిరంజీవి స్వర్ణకు పెద్దబాపు దీవెనలు.

ఇక్కడ నేనొక్కణ్ణే క్షేమం.

జాబితా వచ్చింది. నలభై రెండు పేర్లు. అందరికీ గట్టిగా చదివి వినిపించింది నేనే. చదవడం అయిపోయాక కాగితం వెనక్కి తిప్పి చూశాను, అటు ఏమీ లేదు.

దావూద్ బండిలో దాక్కుని సహాయ కేంద్రానికి పోయి అడిగాను. అక్కడాయన నీ అర్జీ తీసి చూపించాడు. వేలిముద్రలున్నవాళ్లు అర్జీదారులు, మూలన పేరున్నవాడు రాసినవాడు. "నీ ముద్ర ఏది?" అన్నాడు. ఆఖరి వాక్యం చూపించాను. అంతదాకా చదవలేదన్నాడు. అంతకు ముందే కళ్లల్లో నీళ్లొచ్చాయట. నీ తప్పేం లేదు తల్లీ, ఆ సూత్రం నేర్పింది నేనే. ఆయన మంచివాడు, చాయ్ తాగించాడు. "నీ ఇంగ్లీషు బాగుందయ్యా, వెనక క్యాంపులో నూట పది మంది ఉన్నారు, వాళ్లకూ ఇట్లాంటిదొకటి రాసిపెట్టు" అన్నాడు. మొదలుపెట్టాను.

అందరి పెట్టెల మీద పేర్లు రాశాను. మునిస్వామి బస్సెక్కనని మొండికేశాడు. "నేను రెండు చేతులదీ ఏసినా గదన్నా, ఒకటి నీదని రాయించుకో, నేనేమీ అనుకోను" అన్నాడు. నెట్టి ఎక్కించాను. ఎర్ర దుప్పటి అతని చేతికే ఇచ్చాను.

అతను నిన్న దావూద్ ఫోనుకు చేసి చెప్పాడు. శంషాబాదులో ముత్యవ్వ దిగినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టిందట. మన తెలుగువాళ్లు పద్దెనిమిది మంది దిగారు. తర్వాత ఎవరూ రాలేదు. మునిస్వామి దుప్పటి ఇచ్చి, అన్నకు కొంచెం పనుందని చెప్పాడట. "అందరు వచ్చిండ్రు. ఆయనకొక్కనికే ఆడ పని వడ్డది. ఇంక నాకు చెప్పేదేమున్నది" అని, ఆ దుప్పటి మునిస్వామికే కప్పి జీపెక్కిందట.

బాత్రూము ఇప్పుడు పొద్దంతా నాదే. అయినా బస్సు వేళకే పోతున్నాను, ఒప్పందం ఉంది గదా. మొన్నటిదాకా గొళ్లెం పెట్టుకునేవాణ్ణి, ఇప్పుడు మానేశాను. నాకు చాలా దిగులుగా ఉంది బిడ్డా. ఈ మాట ఏ అర్జీలోనూ రాయలేదు, నీకు రాస్తున్నాను.

బాగా చదువుకో.

పెద్దబాపు బుచ్చన్న

తా.క.: ఇంకొక అర్జీ రాసిపెట్టు. సహాయ కేంద్రానికి కాదు, దానికి తర్వాత చూద్దాం. ముందు ముత్యవ్వకు. ఇంకో ఇల్లు లేదని, నాలుగు వేల అక్షరాలు దాటకుండా. నా సంగతి ఆఖరి వాక్యంలో పెట్టకు, మొదట్లోనే పెట్టు. ఈ ఉత్తరం వెనక వేలిముద్ర వేసి పంపుతున్నాను, నాదొక్కటే.