ఇరవై దాటకుండా

పద్మక్కా,

నువ్వు పోయి ఏడాదైన ఈ రోజే, మన నేలవేములోని చేదు పదార్థం మనిద్దరం కలిసి పనిచేసిన వెస్ట్‌మీడ్ ల్యాబ్‌లో శుద్ధంగా, విడిగా వచ్చింది.

ఆ పదార్థాన్ని విడదీసే, గిరగిరా తిరిగే మెషీన్‌లో పోసే ముందు, ఒకదాంతో ఒకటి కలవని రెండు ద్రవాలను సీసాలో కుదిపి, అవి మళ్లీ రెండు పొరలయ్యేదాకా నువ్వు తెలుగులో లెక్కపెట్టేదానివి. ఇరవై దాటితే ఆ జోడీ మెషీన్‌కు పనికిరాదని పారబోయించేదానివి. నేను విసుక్కునేదాన్ని.

ఉదయం, కొత్తగా చేరిన ఎమ్మా సీసా కుదిపి, "ఒకటి, రెండు, మూడు" అని మొదలుపెట్టింది.

"తెలుగులో ఎందుకు?" అన్నాను.

నువ్వు ఆ తెలుగు లెక్కను ఇంగ్లీషు అక్షరాల్లో రాసిపెట్టిన నోట్‌బుక్ చూపించి, "మెథడ్ ఇదే కదా?" అంది.

నువ్వు పోయాక నేను స్టాప్‌వాచ్ చూస్తున్నానని చెప్పలేదు. సీసా మళ్లీ కుదిపి, తనతో పాటు నేనూ గొంతెత్తి లెక్కపెట్టాను. పద్దెనిమిదికి పొరలు విడిపోయాయి, అక్కా.