నీళ్ళలా కనిపించిన ఆసిడ్

అక్కకు,

నేను బాగానే ఉన్నాను, మా ల్యాబు సంగతి పేపర్లో చూసి కంగారుపడకు.

ప్రమాదం జరిగింది మా గాజుసామాను కడిగే పెద్దాయనకి. గాజునే కరిగించే ఆసిడ్ ఒకటి మా దగ్గర ఉంటుంది, చూడటానికి అచ్చం నీళ్ళే. సోమవారం పొద్దున అది ఆయన గ్లౌజు చిరుగులోంచి లోపలికి పోయింది. "మంటేం లేదు తల్లీ, కడిగేసుకున్నాలే" అన్నాడు. అది మొదట మంట పుట్టించకుండా చల్లగా ఎముకదాకా దిగుతుందని తెలిసి కూడా నేను ఆయన మాటే నమ్మాను. మధ్యాహ్నానికి చెయ్యి పట్టుకుని పసిపిల్లాడిలా ఏడ్చాడు. పరుగెత్తి బీరువా తీస్తే, వెంటనే రాయాల్సిన మందు గడువు దాటి ట్యూబులోనే గట్టిపడిపోయి ఉంది. ఆసుపత్రిలో ప్రాణం దక్కింది కానీ రెండు వేళ్ళు తీసేశారు.

బావగారు బాత్రూం ఆసిడ్‌ను మంచినీళ్ళ సీసాలో పోసి ఉంచుతారు కదా, ఇక అలా పొయ్యనివ్వకు. దాని డబ్బాలోనే ఉంచి, చంటిదానికి అందని చోట పెట్టించు. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? నా పాత స్వెట్టర్ పంపు.

ఈ చివరి ముక్క అమ్మకి చదివి వినిపించకు. నిన్న ఆసుపత్రికి చూడటానికి వెళితే పెద్దాయన భార్య నా చేతులు పట్టుకుని, "నువ్వు దగ్గరుండబట్టి మనిషి దక్కాడమ్మా" అంది. ఆ మందు గడువు చూసుకోవాల్సింది నేనేనని ఆయనకి తెలుసు. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడే గానీ ఆవిడకి చెప్పలేదు. నేనూ చెప్పలేకపోయాను.

అమ్మకు దణ్ణాలు, చంటిదానికి ముద్దులు.

నీ చెల్లెలు