మేడమీద ఫోను

బోరిగుమ్మ, బుధవారం రాత్రి

కొత్త ఫైబర్ కనెక్షన్ వచ్చింది. డబ్బాకి ఒక్క ఫోనే తగిలించాలట.

"కొట్లోంచి మేడమీదకి లాగిన తీగ తీసీమంతన్నాడొదినా, కనెక్షన్ ఇచ్చినోడు. రూలు ఒప్పదంట. ఏటి సెప్పమంతావు?" అని మరిది అడిగాడు.

"తీసీమను బాబూ" అన్నాను.

ఆ తీగ ఆయన సొంతంగా లాగారు. రోజూ రాత్రి కొట్టు కట్టేసే ముందు కింద రిసీవరు ఎత్తి పెట్టేవారు. పైన నా ఫోను ఒక్కసారి ‘టింగ్’మనేది. నేను కంచం పెట్టేదాన్ని. ఆయన పోయాక కూడా, మరిది కింద ఫోనెత్తినప్పుడల్లా నా చెయ్యి కంచం మీదికి పోయేది.

"నెట్ ఇంక ఆగట్లేదమ్మా!" అని అమ్మాయి మురిసిపోతోంది. దాని చదువు కంటే నాకేం ఎక్కువ?

ఇందాక కింద షట్టరు దించిన చప్పుడైంది. ఫోను పలకలేదు. అయినా కంచం పెట్టేశాను.