పళ్లెం మీద అరచెయ్యి

వడోద్, సూరత్
ఆగస్టు 2021

అత్తమ్మకు ప్రమీల దండాలు పెట్టి రాసేది. ఇక్కడ నేనూ నీ కొడుకూ ప్రాణాలతో ఉన్నాం. ఈ రోజుల్లో అంతకు మించి రాయడానికి ధైర్యం చాలదు. నీ మోకాళ్ల నొప్పి తగ్గిందని తలుస్తాను.

మన వాడకట్టు రాజనర్సు ఊరికి వస్తున్నాడు, ఈ ఉత్తరం అతని చేతికే ఇస్తున్నాను. "వదినె, జర పెద్దగ రాయి, పెద్దమ్మకు అక్షరాలు ఆనుతలేవంట" అన్నాడు. అందుకే ఇంత లావుగా రాశాను. కూడబలుక్కుని నువ్వే చదువు అత్తమ్మా, ఎవరి చేతా చదివించకు.

నువ్వు అడిగినవన్నీ చెబుతాను. నీ కొడుకుకు టీకా అయింది. మొదటిసారి వెళ్లినప్పుడు "పరుశురాం, పరుశురాం" అని పిలిచి, పలకలేదని వెనకవాళ్లను లోపలికి పంపేశారట. అందరి మూతులకూ మాస్కులే. పెదాలు చూసి తెలుసుకునే పుట్టుచెవిటి మనిషికి ఏం తెలుస్తుంది? రెండోసారి నేనూ వెళ్లి పక్కన నిలబడ్డాను. అన్నం తింటున్నాడు గానీ, ముద్ద చేతిలో పట్టుకుని ఎటో చూస్తుంటాడు. చీరలకు మెరుపు రాళ్లు అతికించే పని నేను ఇంటికే తెచ్చుకుంటున్నాను. జ్వరం వచ్చి పోయినప్పటి నుంచి మెట్లెక్కితే ఆయాసం, అది ఇంకా వదల్లేదు.

"సాంచాల సేఠ్ మళ్ల పిలిచిండా" అని అడిగావు. పిలవలేదు. పోయిన ఏడాది లాక్‌డౌన్ ఎత్తేశాక అందరినీ పనిలోకి తీసుకుని, చెవిటివాడితో ప్రమాదమని నీ కొడుకునొక్కడినే వద్దన్నాడు కదా. ఆ మరమగ్గాల కార్ఖానాలో సాంచాలు ఆడుతుంటే చెవులున్నవాళ్లకు మాత్రం ఏం వినిపిస్తుంది? దారం తెగినా, చాయ్ వచ్చినా అందరూ చేతులతోనే చెప్పుకుంటారు. నీ కొడుకు అందరిలో ఒకడిగా బతికిన చోటు అదొక్కటే. కోర్టువాళ్లు ఫీజు లేకుండా మనకిచ్చిన వకీలు జాగృతిబెన్ కూడా అదే మాట అంటుంది. చెవుడు సాకు పెట్టి మనిషిని పక్కకు నెడితే చట్టం ఒప్పదట.

కేసు ఇన్నాళ్లెందుకని కూడా అడిగావు. కోర్టు మూస్తారు, తెరుస్తారు, తారీఖు ఇస్తారు, మళ్లీ ఎవరికో కరోనా అంటారు. తిరిగి తిరిగి నాకు కోపం రావడం కూడా మానేసింది.

పోయిన వారం రాజీ మాట్లాడటానికి జడ్జి సారు ఫోన్‌లో కూర్చున్నాడు. మేం జాగృతిబెన్ ఆఫీసులో, సేఠ్ వాళ్ల దుకాణంలో. బొమ్మ ఆగి ఆగి వస్తోంది. చెవిటి పిల్లల బడి నుంచి ఒక మాస్టరును పిలిపించారు. ఆయనవి బడి సైగలు. నీ కొడుకువి నువ్వు నేర్పినవి, సాంచాల దగ్గర నేర్చినవి. ఒకరిది ఒకరికి అందలేదు. భార్య ఉంది కదా, ఆమె చెబుతుందిలే అన్నారు.

కొంత డబ్బు ఇస్తాను, పని మాత్రం అడగొద్దన్నాడు సేఠ్. అది నేను సైగలతో చెప్పాను. నీ కొడుకు నా వైపు చూసి, పళ్లెం మీద అరచెయ్యి అడ్డం పెట్టినట్టు పెట్టాడు. చిన్నప్పుడు అన్నం వద్దనడానికి నువ్వు నేర్పిన సైగే. తర్వాత గుండె మీద తట్టుకుని, సాంచా పిడి లాగినట్టు లాగి చూపాడు. డబ్బు వద్దు, నా సాంచా నాకు కావాలని.

ఇన్ని మాటలు రాసిందీ ఈ ఒక్కటి చెప్పడానికే అత్తమ్మా. నేను "హా సాబ్, మంజూర్ హై" అన్నాను. డబ్బుకు ఒప్పుకున్నాడని చెప్పేశాను. అబద్ధమాడాలని వెళ్లలేదు. ఇక చాలు, ఇంటికి పోయి పడుకోవాలనిపించింది, అంతే. నా మూతికి మాస్కు ఉంది, నేనేం చెప్పానో ఆయనకు తెలియలేదు. బయటికొచ్చాక చాయ్ తాగుదామని సైగ చేసి, నా కప్పు తానే తెచ్చిచ్చాడు. ఇంటికొచ్చి సాంచా పనికి వేసుకెళ్లే బనీను ఉతికి తీగ మీద ఆరేశాడు. 

నిన్న వెళ్లి జాగృతిబెన్‌కు చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. మంచినీళ్లు ఇచ్చి, "అలిసిపోయింది మీరు, జవాబు మాత్రం ఆయనది కదా బెన్" అంది హిందీలో. సంతకాలు ఇంకా కాలేదు కాబట్టి మళ్లీ వింటారట. తన మాట తన పద్ధతిలో వినమని అడిగే హక్కు ఆయనకు ఉందట.

మంగళవారం పొద్దున ఫోన్‌లో ఆయన సైగలు చూసి, జడ్జి సారుకు ఆయన మాట చెప్పేది నువ్వే. రాజనర్సు ఫోన్ పట్టుకుని పక్కన కూర్చుంటాడు. నువ్వు మన భాషలో చెప్పు, అతను హిందీలో చెబుతాడు. వాకిట్లో వెలుతురులో కూర్చో, మాస్కు తీసేయి, నీ పెదాలు ఆయనకు కనబడాలి. నేను గది బయట ఉంటాను.

ఆయనకు ఇంకా చెప్పలేదు. మంగళవారంలోపు చెబుతాను. అబద్ధానికి నువ్వు నేర్పిన సైగ ఉంది కదా, నాలుక మీద వేలు పెట్టి పక్కకు విసరడం. నన్ను చూపించుకుని ఆ సైగ చేయాలని చెయ్యెత్తుతాను, మళ్లీ దించేస్తాను.

జడ్జి సారు ముందు ఆయన బయటున్న నా వైపు చూపించి అదే సైగ చేయవచ్చు. కోడలి పరువు పోతుందని మింగేయకు అత్తమ్మా. అది కూడా చెప్పు.

ఇట్లు,
నీ కోడలు
ప్రమీల