కప్పు బల్ల మీదే ఉండనీ

హైదరాబాదు,
1959, శివరాత్రి వెళ్లిన ఆదివారం.

చిరంజీవి సౌభాగ్యవతి లింగవ్వకు నీ పెనిమిటి రాయమల్లు దీవించి రాసేది. ఇక్కడ నేను ఒక్కడినే గనుక అందరం క్షేమంగానే ఉన్నాం. అక్కడ నువ్వు, అవ్వ, బిడ్డ చంద్రవ్వ, ఈనబోయే మేక కూడా క్షేమమని తలుస్తాను. మేక సంగతి నువ్వు రాయలేదు. మరిచిపోయినావో, రాస్తే నేను పరేషాన్ అవుతానని దాచినావో తెలియదు.

నీ ఉత్తరం అందింది. లక్షెట్టిపేట మిషన్ బడిలో నువ్వు చదివిన చదువు వట్టిగ పోలేదు, అక్షరాలు నా వాటికంటే గుండ్రంగా ఉన్నాయి. అడిగినవాటికి ఒక్కొక్కటిగా జవాబు రాస్తాను. దగ్గు తగ్గింది. అవ్వ అడిగిన పొగాకు ఇక్కడ దొరకలేదు, దొరికిన పొగాకు ఆమెకు నచ్చదు, తిట్లు మాత్రం నాకే వస్తాయి కాబట్టి కొనలేదు. నవాబుల వస్తువులు జనానికి చూపించే ఈ అజాయబ్‌ఘర్‌లో పని ఎప్పటిదే, అద్దాల బీరువాలు తుడవడం. ఈ మధ్య నన్ను చీనా కప్పుల గదికి మార్చినారు. నవాబులు తాగిన కప్పులట. జనం అద్దం అవతల నుంచి చూసి పోతారు, నేను రోజూ చేతిలోకి తీసుకుని తుడిచి పెడతాను. ఊళ్లో సాంబయ్య హోటల్లో కప్పు నా చేతికి ఇవ్వరు, ఇక్కడ నవాబు కప్పు ఇచ్చినారు. నవ్వుకున్నాను గానీ రెండు చేతులతో పట్టుకోనిదే దాన్ని ఎత్తను.

ఇక అసలు సంగతి. దశరథం సారు బడి పిల్లలను రైల్లో ఈ అజాయబ్‌ఘర్ చూపించడానికి తీసుకొస్తున్నాడనీ, మన బిడ్డ పేరు కూడా ఉందనీ రాసినావు. అది చదివి నా గది ముందు ఉండే మనిషిని పిలిచి మరీ చెప్పినాను. ఆ తర్వాత రాసిన మాట దగ్గర ఆగిపోయినాను. పిల్లలు తిని తాగడానికి దగ్గరలో మంచి చోటు రాయమల్లును చూసి పెట్టమన్నాడు, సరే. దాని వెనకనే సారు నీతో అన్న మాట ఉన్నదున్నట్టు రాసినావు చూడు.

“చంద్రవ్వ తిండి సంగతి నువ్వు ఫికర్ జెయ్యకు. వాళ్ల బాపు ఆడనే ఉంటడు గద, ఆయన జూసుకుంటడు.”

సారుది ఎంత మంచి మనసో అని కింద నువ్వు రాసినావు. లింగవ్వా, నాకు ఆ మాట మంచిగ వినబడలేదు. పిల్లలంతా ఒక చోట కూర్చుని తింటారు, మన బిడ్డ నా వెంట వేరే పోయి తింటుంది. అంతే గదా దాని అర్థం. సారు చెడ్డవాడని అనను. బిడ్డను ముందు వరుసలో కూర్చోబెట్టి చదువు చెప్తున్నాడు. కానీ మాలవాడ నుంచి ఆ బడికి పోయేది మన బిడ్డ ఒక్కతే, ఒక్కదాన్ని పక్కకు తీయడం చాలా సులువు. బాపు దగ్గరికి పోతున్నా అని అది ఎగురుకుంటూ వస్తుంది, పక్కకు తీసినారని కూడా దానికి తెలియదు. వెనకటి ఏడు తెలియకపోయినా ఈ ఏడు తెలిసే వయసు వచ్చింది. ఇంత దూరం రైలెక్కి వచ్చి తెలుసుకోవాల్సిన సంగతేనా అది? అప్పటి నుంచి నాకు భయం పట్టుకుంది. అన్నం ముందు కూర్చున్నా అదే, బీరువాలు తుడుస్తున్నా అదే.

నేను ఎక్కడ తింటున్నానని నువ్వు ప్రతి ఉత్తరంలో అడుగుతావు. ఇక్కడ హోటళ్లకు కొదువ లేదని నేను ప్రతిసారీ రాస్తాను. అది అబద్ధం కాదు. హోటళ్లకు కొదువ లేదు, నేను వాటిలోకి పోలేదు, అంతే. పొద్దున చేసుకున్న జొన్నరొట్టె మూసీ గోడ పక్కన కూర్చుని తింటాను, నల్లా దగ్గర నీళ్లు తాగుతాను. నల్లా ఎవరినీ ఏమీ అడగదు. అందుకే సారు మాట వచ్చేసరికి చెప్పడానికి నాకు ఒక్క హోటల్ కూడా తెలియలేదు. ఊళ్లో అందరూ నన్ను పట్నపోడు అంటారు, ఈ పట్నపోడికి అజాయబ్‌ఘర్ గేటు ముందున్న చాయ ఎట్లుంటుందో తెలియదు. బిడ్డ కోసం తిరగక తప్పలేదు.

మొదట అన్నం హోటల్‌కు పోయినాను. అరిటాకులు వేసి వడ్డిస్తారు, నెయ్యి వాసన రోడ్డు దాకా వస్తుంది. గల్లా మీద కూర్చున్న పెద్దమనిషి ఎంతో మర్యాదగా మాట్లాడినాడు. అంటు పాటిస్తే నేరమని చట్టం వచ్చింది గదా, ఎవరూ కులం అడగరు. ఏ ఊరు అని అడుగుతారు. ఆసిఫాబాద్ దగ్గర అన్నాను. అక్కడ ఎవరింటోళ్లు అని అడిగినాడు. కడుపులో బాగలేదని చెప్పి బయటికి వచ్చినాను. అన్నం హోటల్లోకి వచ్చి కడుపు బాగలేదని చెప్పి పోయిన మనిషిని ఆయన ఎన్నడూ చూసి ఉండడు.

ఆ పక్కన మిఠాయి దుకాణం ఉంది. అక్కడ ఒక మనిషి పొడుగు కాడ గరిటెతో అందరికీ నీళ్లు పోస్తున్నాడు. అందరూ దోసిలి పట్టే తాగుతున్నారు, బంగారు ఉంగరాలు పెట్టుకున్న షావుకారు కూడా. అయినా నాకు ఆ గరిటె మీదికి లేస్తుంటేనే మన ఊరి బావి దగ్గర నిలబడ్డట్టయింది. దాహం పోయింది.

చివరకు ఇరానీ హోటల్‌కు పోయినాను. గేటుకు ఎదురుగానే ఉంది. చలువరాతి బల్లలు, గోడలకు నిలువుటద్దాలు. ఎటు చూసినా నా మొఖమే కనబడుతుంటే దొంగలెక్క కూర్చున్నాను. ఎవరూ ఊరు అడగలేదు. బాహర్‌వాలా, అంటే అందించే మనిషి, కప్పూ సాసరూ తెచ్చి ఠక్కున ముందు పెట్టినాడు. పక్క బల్ల మీద టోపీ పెట్టుకున్న వకీలుసాబ్ ముందర ఏ కప్పు ఉందో నా ముందర అదే కప్పు ఉంది. చాయ తియ్యగా, చిక్కగా ఉంది. సగం సాసర్‌లో పోసుకుని, బన్ను ముంచుకుని తిన్నాను. చంద్రవ్వకు నచ్చుతుందని అనుకున్నాను. ఇదే చోటు అని మనసులో తీర్మానం చేసుకుని లేచినాను.

అప్పుడు ఏం చేసినానో రాయాలంటే చేయి ఆడటం లేదు. సాంబయ్య హోటల్ చూరు సందుల్లో మన గ్లాసులు వేరేగా చెక్కి ఉంటాయి గదా. మనం తీసుకోవాలె, వాళ్లు పైనుంచి పోస్తే తాగాలె, మనమే కడిగి బోర్లించి మళ్లీ చూరులో చెక్కాలె. మా బాపు గ్లాసుకు అంచు సొట్ట, నాదానికి అడుగున మసి. నా చేతులకు చాయ తాగడమంటే అదే. ఇక్కడ నేను లేచి, కప్పూ సాసరూ పట్టుకుని, తలుపు దగ్గరి నల్లాలో కడిగి, గోడ మీద బోర్లించినాను. బోర్లించి, పైన చూరు కోసం వెతికినాను. చూరు లేదు. చూస్తే హోటలంతా నా దిక్కే చూస్తోంది. అద్దాలలో కూడా అందరూ నా దిక్కే చూస్తున్నారు.

బాహర్‌వాలా వచ్చినాడు. పేరు హనుమండ్లు, సిరిసిల్లవాడట, నేత పని దొరకక వచ్చినాడట. అదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం మన దిక్కు మాట వినగానే నా ప్రాణం పోయింది. పరాయి ఊరివాడికి నేను చేసింది పిచ్చిపనిలెక్క కనబడుతుంది, మన దిక్కు వాడికి దాని అర్థం తెలుస్తుంది.

“కప్పులు కడుగుడు నా పని. నువ్వు కడిగితె సేఠ్ నన్నేమంటడు? ఆడ పెట్టు,” అన్నాడు.

తిట్టినాడో, కనికరించినాడో తెలియలేదు. వాడి మొఖంలోకి చూసే ధైర్యం లేదు. రోడ్డు దాటి గేటులోకి వచ్చి, కప్పుల గదిలో బీరువా వెనక నిలబడేదాకా వెనక్కి తిరిగి చూడలేదు. నన్ను ఏమన్నా పడతాను. కానీ పిల్లలు వచ్చిన రోజు వాడు చంద్రవ్వను చూసి, నాతో కలిపి పోల్చి, సారు ముందు నవ్వుతూ ఒక్క మాట అంటే? దానికంటే పెద్ద భయం ఇంకోటి పుట్టింది. మన బిడ్డ చేతులకు నేర్పింది కూడా మనమే గదా. అంగడికి పోయినప్పుడు నా గ్లాసు కడిగిచ్చేది అదే. పిల్లలందరి ముందు అది లేచి, ఎంతో బుద్ధిగా, తన కప్పు కడిగి బోర్లిస్తే?

అందుకని మళ్లీ పోయినాను. కప్పు కడగకుండా లేవడం ముందు నేను నేర్చుకోవాలె. చాయ తాగి, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. కప్పు నా ముందు ఖాళీగా ఉంది, దాన్ని చూస్తుంటే ఎవరికో బాకీ పడ్డట్టు ఉంది. హనుమండ్లు వచ్చినాడు.

“గీసారి కడుగుడు మర్సిపోయినవా అన్నా?” అన్నాడు.

వాడికి అంతా తెలుసు. తెలిసి కూడా అన్నా అన్నాడు. బొటనవేలు కప్పు లోపల పెట్టి, వకీళ్లవీ, గుమాస్తాలవీ, రిక్షావాళ్లవీ కప్పులతో కలిపి నాది కూడా పట్టుకుపోయి నీళ్ల తొట్టిలో వేసినాడు. నేను లేచి తొట్టి దాకా పోయి చూసినాను. అన్నీ ఒకటే తీరు. నేను తాగిన కప్పు ఏదో నాకే తెలియలేదు. లింగవ్వా, పుట్టి బుద్ధెరిగినకాడ నుంచి నేను తాగిన గ్లాసును వంద గ్లాసుల్లో పెట్టినా గుర్తుపడతాను. అక్కడ గుర్తు పట్టలేకపోయినాను. కండ్లల్లో నీళ్లు తిరిగినాయి, చాయ పొగ అని తుడుచుకున్నాను.

సేఠ్‌తో మాట్లాడి పిల్లలకు వెనక వరుస బల్లలు అడిగినాను. పిల్లలు అల్లరి చేయకపోతే సరే అన్నాడు. సద్దిమూటలు విప్పుకోవడానికి అజాయబ్‌ఘర్ ఆవరణలో వేపచెట్టు నీడ ఉంది, నీళ్లకు నల్లా ఉంది. సాయంత్రం చాయ, బన్ను హోటల్లో. మన సారు చాయ దొరికితే ఎక్కడైనా తాగుతాడు, ఇరానీ అని వెనకాడడు.

ఇప్పుడు నీకు చెప్పకుండా చేసిన పని చెప్తాను, కోపం చేయకు. సారుకు కార్డు రాసినాను. పిల్లలందరికీ, చంద్రవ్వకు కూడా, ఒకే చోట చెప్పినానని రాసినాను. ఆ రోజు నాకు డ్యూటీ ఉంది, బిడ్డను వేరే తీసుకుపోయి చూసుకోలేను, మీ పిల్లలతోనే ఉండనివ్వండి అని రాసినాను. డ్యూటీ లేదు. బిడ్డ వస్తుందని అజాయబ్‌ఘర్ దొర కాళ్లావేళ్లా పడి సెలవు పెట్టుకున్నాను. దాన్ని భుజం మీద ఎక్కించుకుని ఇక్కడి గంట కొట్టే గడియారం చూపించాలని ఎంత ఆశపడ్డానో నీకు తెలుసు. కానీ నేను పక్కన ఉంటే సారు దాన్ని నాకు అప్పగించేస్తాడు. నేను లేకపోతే అది వాళ్ల మధ్యలో కూర్చోక తప్పదు.

కార్డు డబ్బాలో వేసిన తర్వాత భయమేసి చేయి లోపల పెట్టి తీయబోయినాను, వేళ్లు అందలేదు. సారుకు కోపం వచ్చి బిడ్డ పేరు కొట్టేస్తాడేమో. రైల్లో చోటు లేదంటాడేమో. అట్లా అంటే నువ్వు గొడవ పడకు, నాకు రాయి. కొట్టేయకపోతే మాత్రం ఒక పని చేయాలె. రేపటి నుంచి బిడ్డకు రోజూ చాయో, గంజో, నీళ్లో గ్లాసులో పోసి ఇవ్వు. తాగినాక గ్లాసు అక్కడే పెట్టి లేవమను. కడగబోతే చేయి పట్టుకో. నువ్వు తీసి కడుగు. అవ్వ గులుగుతుంది, పెద్దదై కూడా ఎంగిలి గ్లాసు వదిలేసి పోతుందని తిడుతుంది. తిట్టనీ. బిడ్డకు కారణం చెప్పకు, పట్నంలో పద్ధతి అంతేనని చెప్పు.

బాపు ఎందుకు రాలేదని అది ఏడుస్తుంది. పనిలో ఉన్నాడని చెప్పమని సారుకే రాసినాను. నేను మాత్రం రోడ్డు అవతల రిక్షాల వెనక ఉంటాను. అక్కడ నుంచి హోటల్ గోడల అద్దాల్లో లోపలి బల్లలు కనబడతాయి. బిడ్డ తాగి, కప్పు బల్ల మీద వదిలి, వెనక్కి చూడకుండా పిల్లలతో కలిసి బయటికి రావాలె. హనుమండ్లు ఆ కప్పు తీసుకుపోయి తొట్టిలో కలిపేదాకా నేను అక్కడ నుంచి కదలను.

ఇట్లు,
ఆ రోజు బిడ్డకు కనబడకుండా ఉండబోయే
చంద్రవ్వ బాపు,
రాయమల్లు.