డాక్టరు ఏమన్నడంటే

అమ్మా,

నీ కాళ్లకు మొక్కి రాస్తున్నాను. నేను ఇక్కడ బాగానే ఉన్నాను, రంది పడకు. తమ్ముడు, పెద్దమ్మ బాగున్నారనే అనుకుంటున్నాను. నువ్వెలా ఉన్నావో మాత్రం వాళ్లను అడగను, నిన్నే అడుగుతాను. కూడబలుక్కుని చదువుతావని అక్షరాలు పెద్దగా రాస్తున్నాను. తమ్ముడి చేతికి ఇవ్వకు. వాడు చదివితే సగం మింగేస్తాడు.

ఓడ మీద ఎండ మన వైశాఖం లాంటిదే, కానీ గాలిలో ఉప్పు. చొక్కా ఉతికినా ఉప్పే, పెదవి తడుపుకున్నా ఉప్పే. వంట చేసే వెంకన్న మామ కోదాడ ఆయన. నిన్న పళ్లెం ముందు ఊరికే కూర్చున్నానని తిట్టాడు.

"మిర్యాలగూడ పక్కన పుట్టినోడివి, నీకు ఈ బియ్యం ఏం ఎక్కుతాయిలే! ఎవరి మీద రా అలక, మీ అమ్మ మీదా, ఆకాశం మీదా?"

"రెండింటి మీద మామా," అన్నాను.

ఆయన రేపు రేవులో దిగి ఇంటికి పోతున్నాడు. ఈ ఉత్తరం మన త్రిపురారం దాకా వచ్చి నీ చేతికే ఇస్తానని మాటిచ్చాడు. ఆయన పోయాక ఇక్కడ తెలుగు మాట్లాడే మనిషి ఉండడు. ఇప్పటికే ఒక్కోసారి గదిలో నాతో నేనే మాట్లాడుకుంటున్నాను. పరేషాన్ కాకు, పిచ్చి పట్టలేదు.

ఆకాశం మీద కోపమెందుకంటే చెబుతాను. మా ఓడకు నెట్ ఇచ్చేవి తక్కువ ఎత్తులో తిరిగే ఉపగ్రహాలు. ఒకటి నెత్తి మీద కొన్ని నిమిషాలే ఉంటుంది. అది దిగిపోతుంటే ఇంకోటి ఎక్కి వస్తుంది. ఒకదాన్ని వదిలి ఇంకోదాన్ని పట్టుకునే చోట మాట తెగుతుంది. పోయినసారి నువ్వు "తిన్నవా బిడ్డా? ఏం తిన్నవ్? దగ్గు తగ్గిందా?" అని అన్నీ నిదానంగా అడిగి, చివరికి "దవాఖానకు పోయొచ్చిన, డాక్టరు ఏమన్నడంటే..." అన్నావు. అంతే, ఖతం. ఆ మాట అక్కడే తెగిపోయింది.

మళ్లీ చేస్తే ఫోన్ తమ్ముడెత్తాడు. "అమ్మ నాట్లకు పోయిందన్నా. మంచిగనే ఉంది. గ్యాస్ అన్నడంట డాక్టరు." పెద్దమ్మకు చేశాను. "మంచిగనే ఉందిరా, గ్యాసంట." మీ నాట్ల కూలీల మేస్త్రమ్మకు చేస్తే ఆమెదీ అదే మాట, ఒక్క అక్షరం తేడా లేదు. ముగ్గురిదీ ఒకే మాట ఎట్లయితది? ఒకడు చెప్పిన మాటనే మిగతా ఇద్దరూ నాకు అందిస్తున్నారు. నేను అంత పిచ్చోడినా?

ఇప్పుడు ఓడలో కొత్త పద్ధతి ఒకటి పరీక్షిస్తున్నారు. తీగలు, పెట్టెలు చూసే పని నాదే. ఎవరూ నేర్పలేదు, వీడియోలు చూసి నేర్చుకున్నాను. నీకు తెలియని పనేం కాదు. నాటేటప్పుడు "నారూ!" అని అరుస్తావు గానీ ఫలానా మనిషి తేవాలని అరవవు కదా. ఎవరి దగ్గర కట్ట ఉంటే వాళ్లు విసురుతారు. అదీ నువ్వు అరిచిన చోటికి కాదు. నువ్వు వెనక్కి జరుగుతూ నాటుతావు కాబట్టి, జరిగి చేరేచోటికి విసురుతారు. ఇదీ అంతే. కావలసిన దాన్ని పేరు పెట్టి అడిగితే, దగ్గర్లో ఎవరి దగ్గరుంటే వాళ్లిస్తారు. మనం అడిగిన ఉపగ్రహం దిగిపోయినా, వెనకొచ్చేది తెచ్చి ఇస్తుంది. సినిమాలకు, వార్తలకు బ్రహ్మాండంగా పనిచేస్తోంది. ఫోన్ మాటకు ఇంకా పెట్టలేదు.

పెట్టినా నాకేం లాభం? సినిమా ఎవరి దగ్గరున్నా ఒకటే. నీ ఒంట్లో సంగతి నీ దగ్గర తప్ప ఎక్కడుంటుంది? పక్కవాళ్లను అడిగితే పాతదో, సొంతంగా అల్లిందో ఇస్తారు. అదే ఇస్తున్నారు.

రేపటిది కాక, ఆ తర్వాత వచ్చే రేవులో ఇంకో ఏడాదికి సంతకం పెట్టమంటున్నారు. నీ నోట వినకుండా పెట్టను, ఓనరే వచ్చి అడిగినా సరే. గ్యాసే అయితే పెడతాను. కాకపోతే దిగి వచ్చేస్తాను. దిగితే మళ్లీ పని దొరకదని తమ్ముడు దాస్తున్నాడు. నా పని సంగతి వాడికెందుకు?

జర ఒక పని చెయ్యి. ఫోన్ నీ కొంగుకే కట్టుకో. హాలియా వైపు నాట్లకు పోతే, ఏ ఊరికి పోతున్నావో మేస్త్రమ్మతో ఇంట్లో చెప్పించు. పగటి పూట మీరు సద్ది తినే వేళకు రోజూ చేస్తాను. డాక్టరు కాయితాలిచ్చి ఉంటే పారేయకు. దవాఖానకు పోను కిరాయి అవుతుందని ఆలోచించకు, ఆటోలోనే పో.

పెద్దమ్మకు, మేస్త్రమ్మకు దండాలు చెప్పు. తమ్ముడికి ఏమీ చెప్పకు, వాడి మీద కోపం తీరలేదు. నన్ను చల్లగా ఉండమని మనసులో అనుకో, చాలు.

ఫోన్ ఎత్తగానే తిన్నావా అని మొదలుపెట్టకమ్మా. ముందు డాక్టరు మాట చెప్పు. తెగిపోతే, నేను తిన్నానో లేదో తర్వాత అడగొచ్చు.

నీ కొడుకు,
సైదులు